పాత కంప్యూటర్‌కు మెమరీ విస్తరణ - ముందస్తు అనుకూలతా పరిశీలన: ఫిల్మ్‌నగర్ కూర్పు గదుల నేపథ్యం

వ్యాససంగ్రహం:

తెలుగు చలనచిత్రాల కూర్పు, డబ్బింగ్, దృశ్యప్రభావాల పనులకు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు నెలవులు. ఈ పనులన్నీ నేడు కంప్యూటర్లపైనే జరుగుతున్నాయి. చిన్న కూర్పు గదుల నిర్వాహకులకు గానీ, కళాశాలల భాషాశాఖలకు గానీ కొత్త యంత్రం కొనే స్తోమత అన్నివేళలా ఉండదు. అందువల్ల ఉన్న కంప్యూటర్‌కే ర్యామ్ పెంచుకోవడం సహజంగా తోచే మార్గం. అయితే తరం, ఆకారం, వోల్టేజి, సామర్థ్య పరిమితి, నిర్మాణరీతి అనే అంశాలను ముందుగా సరిచూసుకోకుండా కొన్న మెమరీ నిరుపయోగమవుతుంది. ఒక్కోసారి దత్తాంశానికే చేటు తెస్తుంది. ఆ పరిశీలనను ఏ క్రమంలో చేయాలో, ఏ దశలో విస్తరణ ఆలోచనను విరమించుకోవాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ర్యామ్, మెమరీ అనుకూలత, డీడీఆర్, మదర్‌బోర్డు, ఫిల్మ్‌నగర్, చలనచిత్ర కూర్పు, పుటల డిజిటలీకరణ.

1. ఉపోద్ఘాతం:

మద్రాసు కేంద్రంగా ఎదిగిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమక్రమంగా హైదరాబాదుకు తరలివచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు 1976లో నెలకొల్పిన అన్నపూర్ణ స్టూడియోస్, ఆ తరువాత వచ్చిన పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, బంజారాహిల్స్ పరిసరాలను చిత్రసీమగా మార్చాయి. తెలుగు ఫిల్మ్ చాంబర్ ఆఫ్ కామర్స్ కార్యాలయం కూడా ఫిల్మ్‌నగర్‌లోనే ఉంది. పెద్ద స్టూడియోల చుట్టూ చిన్న కూర్పు గదులు, డబ్బింగ్ థియేటర్లు, గ్రాఫిక్స్ కార్యాలయాలు వెలిశాయి. ఒకప్పుడు మూవియోలా, స్టీన్‌బెక్ యంత్రాలపై ఫిల్మును చేతితో కత్తిరించి అతికించిన పని నేడు పూర్తిగా కంప్యూటర్‌పైకి మారింది.

ఇదే జూబ్లీహిల్స్‌లో డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఏర్పడిన ఈ సంస్థ 1991లో అంబేద్కర్ పేరును స్వీకరించింది. చిత్రసీమ, విద్యాసీమ ఇలా ఒకే చోట నెలకొనడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ కంప్యూటర్ మెమరీ విషయంలో ఈ రెండింటి అవసరాలు ఎంత దగ్గరివో తరువాతి విభాగంలోని లెక్క స్పష్టం చేస్తుంది.

మెమరీ విస్తరణ చిన్న పనిగా కనిపిస్తుంది. మూత తీసి, స్లాటులో ఒక పలుచని పట్టీని అమర్చడమే కదా అనిపిస్తుంది. వాస్తవానికి ఆ పట్టీకీ, దానిని మోసే బోర్డుకూ, దానిని నడిపే ప్రాసెసర్‌కూ, దానిని వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య పొందిక కుదరాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కలవకపోయినా పెట్టిన ఖర్చు వృథా అవుతుంది. విడుదల తేదీ దగ్గరపడిన చిత్రానికి పనిచేస్తున్న గదిలోనైనా, సిద్ధాంతవ్యాస సమర్పణకు గడువు ముంచుకొచ్చిన పరిశోధకుని బల్లపైనైనా వృథా అయ్యేది డబ్బు మాత్రమే కాదు, కాలం కూడా.

2. ర్యామ్ స్వభావం - ఒక ఫ్రేము, ఒక పుట:

2.1 రీలు పెట్టె, కూర్పు బల్ల:

కంప్యూటర్‌లో హార్డ్‌డిస్క్‌కూ ర్యామ్‌కూ ఉన్న భేదాన్ని పాత కూర్పు గది ఉపమానంతో సులభంగా గ్రహించవచ్చు. అరల్లో వరుసగా పేర్చిన రీలు డబ్బాలు హార్డ్‌డిస్క్ వంటివి. కూర్పరి ముందున్న యంత్రంపై ఆ క్షణంలో నడుస్తున్న కొద్ది అడుగుల ఫిల్ము ర్యామ్ వంటిది. అరలు ఎంత పెద్దవైనా బల్ల ఇరుకైతే పని నెమ్మదిస్తుంది. ప్రతి కోతకూ లేచి వెళ్లి అర నుండి డబ్బా తెచ్చుకోవలసి వస్తుంది. ర్యామ్ చాలనప్పుడు కంప్యూటర్ చేసేదీ ఇదే. దత్తాంశాన్ని డిస్క్‌కూ ర్యామ్‌కూ మధ్య పదేపదే మోస్తూ ఉంటుంది.

2.2 ఫ్రేము లెక్క:

నాలుగు రంధ్రాల 35 మి.మీ. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు ఉంటాయి. వెయ్యి అడుగుల రీలులో 16,000 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున అది సుమారు 11 నిమిషాలు నడుస్తుంది. డిజిటల్ సినిమా ప్రమాణాల ప్రకారం 4కె ఫ్రేము కొలత 4096×2160, అనగా 88,47,360 బిందువులు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత అనే నాలుగు మార్గాలకు ఒక్కొక్కదానికి 16 బిట్ల చొప్పున కేటాయిస్తే ఒక్కో బిందువుకు 8 బైట్లు కావాలి. అప్పుడు ఒక ఫ్రేముకు 7,07,78,880 బైట్లు, అనగా సుమారు 67.5 ఎంబీ అవసరం. ఒక సెకనుకు 1.58 జీబీ, పది సెకన్లకు దాదాపు 15.8 జీబీ అవుతుంది. వెయ్యి అడుగుల రీలు మొత్తాన్ని ఇదే రీతిలో విప్పితే ఒక టెరాబైటు దాటుతుంది.

2కె ఫ్రేము కొలత 2048×1080. పొడవు, వెడల్పులు రెండూ సగమే కనుక స్థలం నాలుగో వంతు చాలు. ఒక ఫ్రేముకు సుమారు 16.9 ఎంబీ, సెకనుకు 405 ఎంబీ సరిపోతుంది. డిస్క్‌లో దృశ్యం ఎంత కుదించి దాచినా తెరపై చూపేటప్పుడు దానిని విప్పవలసిందే. దృశ్యప్రభావాల సాఫ్ట్‌వేర్‌లలో ముందుచూపు కోసం సిద్ధం చేసిన ఫ్రేములు ర్యామ్‌లో నిలుస్తాయి. అక్కడ స్థలం ఎంత ఉంటే అంతసేపే దృశ్యం అంతరాయం లేకుండా నడుస్తుంది.

2.3 పుట లెక్క:

తెలుగు పరిశోధకుడు పాత పత్రికలనో, వ్రాతప్రతులనో అంగుళానికి 300 బిందువుల చొప్పున స్కాన్ చేస్తాడని అనుకుందాం. ఏ4 పుట 2480×3508 బిందువులుగా నమోదవుతుంది. మొత్తం 86,99,840 బిందువులు. ఇది 4కె ఫ్రేములోని బిందువుల సంఖ్యకు దాదాపు సమానం. 24 బిట్ల రంగులో ఆ పుటకు 2,60,99,520 బైట్లు, అనగా సుమారు 25 ఎంబీ కావాలి. మూడువందల పుటలను ఒకేసారి విప్పి పెట్టుకుంటే దాదాపు 7.3 జీబీ అవుతుంది. అక్షర గుర్తింపు, పుటల శుద్ధి వంటి పనులు చేసే పరిశోధకునికి ఫిల్మ్‌నగర్ కూర్పరికి ఎదురయ్యే ఇబ్బందే ఎదురు కావడానికి కారణం ఇదే. ఇద్దరూ చిత్రాలనే మోస్తున్నారు; ఒకరివి కదిలేవి, మరొకరివి కదలనివి.

3. కొరత మెమరీదేనా?

అనుకూలతను పరిశీలించడానికి ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. కంప్యూటర్ నెమ్మదించడానికి కారణం నిజంగా ర్యామ్ కొరతేనా? విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్ విభాగంలో మెమరీ, డిస్క్, ప్రాసెసర్ పట్టికలను నిత్యం చేసే పని జరుగుతున్నప్పుడు చూడాలి. ఖాళీగా ఉన్న యంత్రాన్ని కొలిస్తే ప్రయోజనం లేదు.

మెమరీ వినియోగం ఎప్పుడూ 90 శాతానికి చేరువలో ఉండి, డిస్క్ కూడా ఆగకుండా పనిచేస్తుంటే ర్యామ్ కొరత ఉన్నట్లు భావించవచ్చు. మెమరీ సగమే నిండి, డిస్క్ మాత్రం నూరు శాతం వద్ద నిలిచి ఉంటే లోపం పాత హార్డ్‌డిస్క్‌ది. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చడం మేలు. ప్రాసెసర్ నూరు శాతం వద్ద ఉంటే ర్యామ్ ఎంత పెంచినా తుది దృశ్యం తయారయ్యే సమయం పెద్దగా తగ్గదు. రోగం ఒకచోట, మందు మరొకచోట అన్నట్లు కాకుండా ఉండాలంటే ఈ కొలత తప్పనిసరి.

4. అనుకూలతను నిర్ణయించే అంశాలు:

4.1 తరం:

నేటి వ్యక్తిగత కంప్యూటర్లలోని ర్యామ్ డీడీఆర్ కుటుంబానికి చెందినది. డెస్క్‌టాప్ మాడ్యూళ్లలో తొలి డీడీఆర్‌కు 184 పిన్నులు, డీడీఆర్2కు 240, డీడీఆర్3కు 240, డీడీఆర్4కు 288, డీడీఆర్5కు 288 పిన్నులు ఉంటాయి. పిన్నుల సంఖ్య సమానమైనంత మాత్రాన డీడీఆర్2, డీడీఆర్3లు గానీ, డీడీఆర్4, డీడీఆర్5లు గానీ ఒకదాని స్థానంలో మరొకటి పనిచేయవు. వాటి విద్యుత్ సంకేతాలు వేరు. తప్పు మాడ్యూల్ అమరకుండా ఉండేందుకే అడుగు అంచున గాడి స్థానాన్ని ఒక్కో తరానికి ఒక్కోచోట ఉంచారు. మాడ్యూల్ స్లాటులో దిగకపోతే బలం ప్రయోగించకూడదు. దిగకపోవడమే అది తగినది కాదనడానికి సూచన కావచ్చు.

తరాలు మారే సంధికాలంలో వచ్చిన కొన్ని మదర్‌బోర్డులపై రెండు తరాల స్లాట్లూ ఉండేవి. వాటిలోనూ ఒక సమయంలో ఒక తరాన్నే వాడాలి.

4.2 ఆకారం:

డెస్క్‌టాప్‌లలో పొడవైన డిమ్, ల్యాప్‌టాప్‌లలో పొట్టిదైన సోడిమ్ వాడుతారు. సోడిమ్‌లలో డీడీఆర్3కు 204, డీడీఆర్4కు 260, డీడీఆర్5కు 262 పిన్నులు ఉంటాయి. ఆల్-ఇన్-వన్ నమూనాలు, చిన్న పెట్టె కంప్యూటర్లు చూడటానికి డెస్క్‌టాప్‌ల వలె ఉన్నా వాటిలో చాలావరకు సోడిమ్‌లనే వాడుతాయి.

మరికొన్ని యంత్రాలలో ర్యామ్‌ను బోర్డుకే టంకం వేసి అతికిస్తారు. 2012లో వచ్చిన రెటినా తెర మాక్‌బుక్ ప్రోలు ఇటువంటివే. 2020 నుండి వచ్చిన ఆపిల్ ఎమ్1, తదనంతర చిప్‌ల యంత్రాలలో మెమరీ ప్రాసెసర్‌తోనే కలిసి ఉంటుంది కనుక తరువాత దానిని పెంచుకునే వీలు లేదు. ఇటువంటి యంత్రం విషయంలో పరిశీలన ఇక్కడితో ముగుస్తుంది.

4.3 వోల్టేజి:

తరం, ఆకారం కలిసినప్పటికీ వోల్టేజి వద్ద పొరపడే అవకాశం ఉంది. డీడీఆర్2 మాడ్యూల్ 1.8 వోల్టులతోనూ, డీడీఆర్3 మాడ్యూల్ 1.5 వోల్టులతోనూ, డీడీఆర్4 మాడ్యూల్ 1.2 వోల్టులతోనూ, డీడీఆర్5 మాడ్యూల్ 1.1 వోల్టులతోనూ పనిచేస్తుంది. డీడీఆర్3లో 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ అనే ఉపరకం ఉంది. ఈ రెండింటి గాడి ఒకేచోట ఉండటం వల్ల కంటికి తేడా కనిపించదు. డీడీఆర్3ఎల్ మాడ్యూల్ 1.5 వోల్టుల స్లాటులోనూ పనిచేయగలదు. కానీ 1.35 వోల్టులే ఇచ్చే ల్యాప్‌టాప్‌లో 1.5 వోల్టుల మాడ్యూల్ పెడితే యంత్రం మొదలు కాకపోవచ్చు. ఇంటెల్ నాలుగో, ఐదో తరాల ప్రాసెసర్లున్న అనేక ల్యాప్‌టాప్‌లు డీడీఆర్3ఎల్‌నే కోరుతాయి. కనుక మాడ్యూల్‌పై అతికించిన కాగితంలో ‘ఎల్’ అనే అక్షరం ఉన్నదీ లేనిదీ చూడటం చిన్న విషయం కాదు.

4.4 సామర్థ్య పరిమితి:

ఒక యంత్రం ఎంత ర్యామ్‌ను స్వీకరించగలదన్నది మూడు పరిమితులను బట్టి తేలుతుంది. మొదటిది ప్రాసెసర్‌లోని మెమరీ నియంత్రకం. రెండవది మదర్‌బోర్డు, దాని చిప్‌సెట్, స్లాట్ల సంఖ్య. మూడవది ఆపరేటింగ్ సిస్టమ్. ఈ మూడింటిలో ఏది తక్కువో అదే ఆ యంత్రపు వాస్తవ పరిమితి.

ఉదాహరణకు ఇంటెల్ నాలుగో తరం ఐ7-4790 ప్రాసెసర్ 32 జీబీ వరకు అంగీకరిస్తుంది. దానిని హెచ్81 చిప్‌సెట్ బోర్డుపై అమర్చితే స్లాట్లు రెండే ఉంటాయి కనుక పరిమితి 16 జీబీకి తగ్గుతుంది. రెండు 16 జీబీ మాడ్యూళ్లు పెట్టి 32 సాధిద్దామన్నా కుదరదు. ఆ తరం నియంత్రకం ఒక్కో డీడీఆర్3 మాడ్యూల్‌ను 8 జీబీ వరకే గుర్తిస్తుంది. అందువల్ల మొత్తం పరిమితితో పాటు ఒక్కో స్లాటు పరిమితిని కూడా చూడాలి.

ఆపరేటింగ్ సిస్టమ్ పరిమితిని చాలామంది మరచిపోతారు. 32 బిట్ల విండోస్ సాధారణంగా 4 జీబీ చిరునామాలకే పరిమితం. అందులోనూ ఇతర పరికరాలకు కొంత పోగా మూడు, మూడున్నర జీబీ మాత్రమే పనికి దక్కుతుంది. అటువంటి యంత్రంలో 8 జీబీ పెట్టినా అదనపు భాగం నిద్రాణంగా ఉండిపోతుంది. 64 బిట్ల విండోస్ 7లో కూడా హోమ్ బేసిక్ 8 జీబీకి, హోమ్ ప్రీమియం 16 జీబీకి పరిమితం.

4.5 ఈసీసీ, రిజిస్టర్డ్ రకాలు:

సర్వర్లలో, వర్క్‌స్టేషన్లలో వాడే ఈసీసీ మెమరీ ఒక బిట్ దోషాన్ని తనంతట తాను సవరించగలదు. ఇందులో రిజిస్టర్డ్ రకం మాడ్యూళ్లపై సంకేతాలను నిలిపి పంపే అదనపు చిప్ ఉంటుంది. సాధారణ డెస్క్‌టాప్‌లు అన్‌బఫర్డ్ రకాన్నే వాడుతాయి. రిజిస్టర్డ్ మాడ్యూళ్లతో అవి పనిచేయవు. పాత సర్వర్ల నుండి విప్పిన రిజిస్టర్డ్ మాడ్యూళ్లు తక్కువ ధరకు లభిస్తాయి. డీడీఆర్3, 8 జీబీ అనే రెండు మాటలే చూసి కొన్నవారికి ఇక్కడే నష్టం కలుగుతుంది.

కూర్పు గదుల్లో వాడుకకు వచ్చిన 2010, 2012 నమూనాల మాక్ ప్రో యంత్రాలు దీనికి భిన్నమైన సందర్భం. అవి ఈసీసీ డీడీఆర్3ను వాడుతాయి. వాటిలో అన్‌బఫర్డ్, రిజిస్టర్డ్ రకాలు రెంటినీ కలిపి పెట్టకూడదు. మూడు మార్గాల నిర్మాణం కనుక మాడ్యూళ్లను మూడేసి చొప్పున అమర్చితే వేగం సమంగా ఉంటుంది.

4.6 వేగం, జత:

డీడీఆర్3-1600 అన్నప్పుడు సెకనుకు 160 కోట్ల బదిలీలు అని అర్థం. ఒక్కో బదిలీకి 8 బైట్లు కనుక సెకనుకు 12,800 ఎంబీ. ఇదే మాడ్యూల్‌పై పీసీ3-12800 అని కూడా ముద్రిస్తారు. రెండూ ఒకే విషయాన్ని చెప్పే రెండు పద్ధతులు. వేగాలు వేరైన రెండు మాడ్యూళ్లను కలిపితే రెండూ తక్కువ వేగానికే దిగుతాయి. బోర్డు అంగీకరించే దానికన్నా ఎక్కువ వేగం గల మాడ్యూల్ సాధారణంగా బోర్డు వేగానికి తగ్గి నడుస్తుంది. కనుక వేగంలో తేడా తరచుగా ప్రమాదం కాదు, కేవలం అనవసర వ్యయం.

సమాన సామర్థ్యం గల రెండు మాడ్యూళ్లను నిర్దేశిత స్లాట్లలో పెడితే రెండు మార్గాలూ ఒకేసారి పనిచేస్తాయి. ఒకే 16 జీబీ మాడ్యూల్ కంటే రెండు 8 జీబీ మాడ్యూళ్లు మేలన్న మాటకు ఆధారం ఇదే. సాధ్యమైనంతవరకు జతగా అమ్మే మాడ్యూళ్లనే ఎంచుకోవాలి.

5. వివరాలను సేకరించే విధానం:

పై అంశాలను ఊహించి కాక, ఆధారాలతో నిర్ధారించుకోవాలి. అందుకు నాలుగు ఆధారాలు ఉన్నాయి.

మొదటిది యంత్రం స్వయంగా ఇచ్చే సమాచారం. టాస్క్ మేనేజర్‌లో ప్రస్తుత సామర్థ్యం, వేగం, ఆకారం, వాడుకలో ఉన్న స్లాట్ల సంఖ్య కనిపిస్తాయి. ప్రతి మాడ్యూల్‌పై ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. మాడ్యూల్ తరం, సామర్థ్యం, వేగాల వంటి వివరాలు అందులో నిక్షిప్తమై ఉంటాయి. సీపీయూ-జెడ్ అనే ఉచిత ఉపకరణం వీటిని చదివి చూపుతుంది. లినక్స్‌లో డీఎమ్ఐడీకోడ్, మాక్‌లో సిస్టమ్ రిపోర్ట్ ఇదే పని చేస్తాయి. అయితే స్లాట్ల సంఖ్య, గరిష్ఠ సామర్థ్యం విషయంలో ఈ ఉపకరణాలు బయాస్ అందించే సమాచారాన్నే తిరిగి చెబుతాయి. టంకం వేసిన చిప్‌లను సైతం స్లాట్లుగా లెక్కించే సందర్భాలున్నాయి.

రెండవది తయారీదారు కరదీపిక. బోర్డు పేరును, దానితో పాటు దాని సవరణ సంఖ్యను కూడా గుర్తించాలి. ఒకే పేరుతో వచ్చిన బోర్డు వేర్వేరు సవరణల్లో వేర్వేరు మెమరీని కోరవచ్చు. మూడవది మెమరీ తయారీ సంస్థలు ప్రకటించే అనుకూలతా జాబితాలు. క్రూషియల్, కింగ్‌స్టన్ వంటి సంస్థలు కంప్యూటర్ నమూనాను బట్టి తగిన మాడ్యూల్‌ను సూచిస్తాయి. నాలుగవది ప్రత్యక్ష దర్శనం. విద్యుత్ తీగ తీసివేసి, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీని కూడా వేరుచేసి, నేలకు అనుసంధానమైన లోహాన్ని తాకి, ఆ తరువాతే మూత తెరవాలి. మాడ్యూల్‌పై కాగితాన్ని ఫోటో తీసుకుంటే అంగడిలో చెప్పవలసిన మాటలన్నీ అందులోనే ఉంటాయి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి విడిభాగాల విపణికి వెళ్లేవారికి ఆ ఫోటో ఎంతో ఉపకరిస్తుంది.

ఈ నాలుగు ఆధారాలూ ఏకీభవిస్తే కొనుగోలు చేయవచ్చు. విభేదిస్తే ఉపకరణం చెప్పినదాని కంటే కరదీపికను, కరదీపిక కంటే స్లాటులో ప్రస్తుతం పనిచేస్తున్న మాడ్యూల్‌ను ఎక్కువగా నమ్మాలి. పనిచేస్తున్న మాడ్యూల్ తరాన్ని, ఆకారాన్ని, వోల్టేజిని ఇప్పటికే ఋజువు చేసింది కదా.

6. అన్వయం:

6.1 కూర్పు గది:

ఫిల్మ్‌నగర్‌లోని ఒక చిన్న కూర్పు గదిని ఊహించుకుందాం. అక్కడ ఐ7-4790 ప్రాసెసర్, హెచ్81 బోర్డు, రెండు స్లాట్లలో రెండు 4 జీబీ డీడీఆర్3-1600 మాడ్యూళ్లు, 64 బిట్ల విండోస్ 10 ఉన్నాయనుకుందాం. స్లాట్లు రెండూ నిండి ఉన్నాయి కనుక కొత్తది చేర్చే వీలు లేదు. ఉన్న రెండూ తీసివేసి రెండు 8 జీబీ మాడ్యూళ్లు పెట్టాలి. 16 జీబీకి మించి వెళ్లే దారి లేదు.

ఆపరేటింగ్ సిస్టమ్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ కలిపి 6 జీబీ పోతుందని అనుకుంటే ప్రస్తుతం ఫ్రేములకు మిగిలేది 2 జీబీ. 2.2లో చూపిన లెక్క ప్రకారం అది 2కె దృశ్యానికి ఐదు సెకన్లు, 4కెకు ఒక సెకను పైచిలుకు. విస్తరణ తరువాత 10 జీబీ మిగులుతుంది. 2కెకు సుమారు 25 సెకన్లు, 4కెకు ఆరు సెకన్లు. ప్రచార చిత్రాలు, డబ్బింగ్ కోసం తయారుచేసే తక్కువ నాణ్యత ప్రతులు, సగం కొలతలో చేసే కూర్పు వంటి పనులకు ఈ విస్తరణ నిస్సందేహంగా ఉపయోగపడుతుంది. 4కెలో తుదిమెరుగులు దిద్దే పనికి మాత్రం ఈ యంత్రం తగదు. ఆ పని స్వీకరించదలచినవారు ర్యామ్‌పై పెట్టే మొత్తాన్ని కొత్త యంత్రానికి దాచుకోవడం వివేకం.

6.2 పరిశోధకుని ల్యాప్‌టాప్:

ఐదో తరం ప్రాసెసర్, ఒకే స్లాటు, అందులో 4 జీబీ డీడీఆర్3ఎల్ సోడిమ్ ఉన్న ల్యాప్‌టాప్‌ను తీసుకుందాం. కరదీపికలో గరిష్ఠం 8 జీబీ అని ఉంటే 1.35 వోల్టుల 8 జీబీ సోడిమ్ ఒక్కటే సరైన ఎంపిక. అందులో 32 బిట్ల విండోస్ ఉంటే ముందు 64 బిట్లకు మారాలి. లేదా ప్రయోజనం శూన్యం. రెండు వందల పుటలను విప్పి పెట్టుకోవడానికి 5 జీబీకి దగ్గరగా కావాలి కనుక స్కాన్ పనిని వంద పుటల విభాగాలుగా చేసుకుంటే 8 జీబీతో సాఫీగా సాగుతుంది. పనిని విభజించుకోవడం కూడా ఒక విధమైన మెమరీ విస్తరణే. దానికి ఖర్చు లేదు.

6.3 విండోస్ 10 అనంతర స్థితి:

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కనీస ర్యామ్ 4 జీబీయే అయినా టీపీఎమ్ 2.0 కూడా ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో కొద్ది మినహాయింపులు పోగా ఎనిమిదో తరం, ఆపైవాటికే అధికారిక మద్దతు ఉంది. పై రెండు ఉదాహరణల్లోని యంత్రాలు ఈ అర్హతను అందుకోలేవు. ర్యామ్ పెంపు ఈ లోటును తీర్చదు. కనుక అటువంటి యంత్రంలో లినక్స్‌కు మారడమో, అంతర్జాలానికి దూరంగా కూర్పుకో స్కానింగ్‌కో మాత్రమే కేటాయించడమో ముందుగా నిర్ణయించుకుని, ఆ తరువాతే మెమరీపై వ్యయం చేయాలి.

7. అమరిక అనంతర పరీక్ష:

మెమరీ అమర్చగానే యంత్రం మొదలైతే పని పూర్తయినట్లు కాదు. లోపమున్న ర్యామ్ ప్రతిసారీ యంత్రాన్ని ఆపదు. ఏదో ఒక బిట్‌ను మౌనంగా మార్చి, ఆ మారిన దత్తాంశాన్నే డిస్క్‌పై భద్రపరచవచ్చు. కూర్పు గదిలో అది ఒక ఫ్రేములో మచ్చగా తేలవచ్చు. పరిశోధకునికి తెరుచుకోని అధ్యాయంగా మిగలవచ్చు. సాధారణ కంప్యూటర్లలో ఈసీసీ ఉండదు కనుక దోషం తలెత్తిన విషయం వెంటనే తెలియదు. అందువల్ల విస్తరణకు ముందు ముఖ్యమైన పత్రాలను వేరే డిస్క్‌లోకి నకలు తీసుకోవాలి.

అమర్చిన తరువాత మెమ్‌టెస్ట్86 వంటి ఉపకరణంతో రాత్రంతా పరీక్షించాలి. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ కూడా ప్రాథమిక పరీక్షకు పనికివస్తుంది. ఒక్క దోషం కనిపించినా ఆ మాడ్యూల్‌ను అంగీకరించకూడదు. ఒక్కో మాడ్యూల్‌ను ఒక్కో స్లాటులో విడిగా పరీక్షిస్తే దోషం మాడ్యూల్‌దో, స్లాటుదో తేలుతుంది. యంత్రం అసలే మొదలు కాకపోతే మాడ్యూల్ పూర్తిగా దిగి ఇరువైపులా కొక్కేలు పడ్డాయో లేదో చూసి, పాత మాడ్యూళ్లతో మళ్లీ ప్రయత్నించాలి. వాటితో నడిస్తే కొత్తదాని పొందికపైనే అనుమానించాలి. బయాస్ నవీకరణతో కొన్ని సందర్భాల్లో ఈ చిక్కు తీరుతుంది.

8. కొనుగోలు అర్జీలో ఉండవలసిన వివరాలు:

కళాశాలల్లో కొనుగోలు చేసేది ఒకరు, వాడేది మరొకరు. అర్జీలో ‘8 జీబీ ర్యామ్’ అని మాత్రమే వ్రాస్తే చౌకైనది ఏదో ఒకటి వచ్చి చేరుతుంది. దానికి బదులు తరం, ఆకారం, ఒక్కో మాడ్యూల్ సామర్థ్యం, మాడ్యూళ్ల సంఖ్య, వేగం, వోల్టేజి, అన్‌బఫర్డ్ అన్న మాట, కంప్యూటర్ పూర్తి నమూనా పేరు పేర్కొనాలి. ‘రెండు 8 జీబీ డీడీఆర్3-1600 డిమ్‌లు, 1.5 వోల్టులు, అన్‌బఫర్డ్, ఈసీసీ లేనివి, పొందిక కుదరనిచో మార్చి ఇవ్వవలెను’ అన్న ఒక్క వాక్యం అనేక వివాదాలను నివారిస్తుంది. తొలగించిన మాడ్యూళ్లు పనిచేసేవైతే శాఖలోని మరో యంత్రానికి, అదే పరిశీలన జరిపిన మీదట, వాడుకోవచ్చు. పనికిరానివాటిని 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన పునర్వినియోగ సంస్థలకు అప్పగించాలి.

9. ముగింపు:

- ర్యామ్ పెంచే ముందు కొరత మెమరీదేనని నిత్యం చేసే పనిలో కొలిచి నిర్ధారించుకోవాలి.
- తరం, ఆకారం, వోల్టేజి, నిర్మాణరీతి అనే నాలుగూ తప్పక కలవాలి. వీటిలో సర్దుబాటుకు అవకాశం లేదు, 1.5 వోల్టుల స్లాటులో డీడీఆర్3ఎల్ వాడకం మాత్రమే ఇందుకు మినహాయింపు.
- ప్రాసెసర్, బోర్డు, ఆపరేటింగ్ సిస్టమ్ పరిమితుల్లో అతి తక్కువదే వాస్తవ పరిమితి.
- ఒక 4కె ఫ్రేములో, 300 బిందువుల సాంద్రతతో స్కాన్ చేసిన ఒక ఏ4 పుటలో బిందువుల సంఖ్య దాదాపు సమానం. కనుక కూర్పరికీ, వ్రాతప్రతుల పరిశోధకునికీ ఒకే పరిశీలనా క్రమం వర్తిస్తుంది.
- పరీక్షించని మెమరీపై ముఖ్యమైన పనిని నమ్మి పెట్టకూడదు.
- గరిష్ఠ పరిమితికి చేర్చినా చేయదలచిన పనికి చాలని యంత్రంపై, భద్రతా నవీకరణలు ఆగిపోయిన యంత్రంపై వ్యయం చేసే ముందు దానికి ఇకపై అప్పగించే పని ఏమిటో నిర్ణయించుకోవాలి.

ఈ క్రమాన్ని పాటించడానికి పట్టే సమయం ఒక పూట. పాత యంత్రం మరికొన్నేళ్లు పనికివస్తుందా, లేక దానిపై పెట్టే ప్రతి రూపాయీ నిష్ఫలమా అన్నది ఆ ఒక్క పూటలోనే తేలిపోతుంది.